నీటిని బట్టి రాగి విషము

మిరప పండించు బెల్లంకొండ రైతులకు మైలుతుత్తము క్రొత్త వస్తువు కాదు. ఆకుమచ్చ తెగులును కలిగించు బాక్టీరియములను చంపునది అందలి రాగియే. అయితే తూకమొక్కటే అయినను, నీరు మారినచో రాగి బలము మారునని రైతుసోదరులకు మనవి చేయుచున్నాము.

బాక్టీరియములకు ముఖ్యముగా విషమగునది నీటిలో కరిగి, దేనితోను కూడక విడిగా నుండు రాగి. పల్నాటిసీమలో సున్నపురాయి మెండు. సున్నపురాతి నేలలలో ఊరిన నీరు కఠినజలము. అందలి సున్నపు అంశము, మెగ్నీషియము సూక్ష్మజీవి పైపొరను ముందుగా నాక్రమించి రాగి నడ్డగించును. క్షారగుణముగల నీటిలో కొంత రాగి కరగని రూపమును పొంది అడుగున చేరును. పేడయు, కుళ్లిన ఆకులును కలిసిన చెరువునీరు రాగిని బంధించును. నిర్మలమైన వాననీటిలో నీ యడ్డులు స్వల్పము. కొద్దిపాటి రాగియే తీవ్రముగా పనిచేయును.

కావున మందు పారలేదని మోతాదు పెంచుట తగదు. రాగి నేలలో నశింపదు. ఏటేట పేరుకొని, కంది, మినుము వేళ్లబుడిపెలలో నత్రజనిని కూర్చు మేలి బాక్టీరియములకును చేటు తెచ్చును.

1885లో ఫ్రాన్సుదేశపు మిలార్దే పండితుడు ప్రకటించిన బోర్డో మిశ్రమమున సున్నము విడి రాగిని అణచి, ఆకు మాడకుండ కాపాడును. నూటికి 1 పాలు మిశ్రమమునకు 100 లీటర్ల తేట నీరు, 1 కిలో తుత్తము, 1 కిలో సున్నము కావలెను. మెరుగుపెట్టిన యినుపకత్తిని అందు ముంచి చూడుడు. ఎఱ్ఱని పూత పడినచో సున్నము చాలలేదని గ్రహించి మరికొంత చేర్చుడు. కందివిత్తులకు పట్టించు రైజోబియము పొడిని మాత్రము రాగిమందుతో నెన్నడును కలుపకుడు.