మైపాడు ఇసుక, వెలిగొండ రాయి

మైపాడు ఒడ్డున గుప్పెడు ఇసుక తీసి ఎండకు పట్టండి. తెల్లటి గింజల మధ్య పలుచని రేకులు తళుక్కుమంటాయి. గింజలు పలుగురాయివి, రేకులు అభ్రకం, మనవాళ్ళ కాకిబంగారం. ఇందుకూరుపేట పొలాల్లో ఎంత తవ్వినా ఒండ్రే, పెన్న తెచ్చి పోసిందే. నంది కొండల్లో పుట్టిన ఆ ఏరు మన మైదానంలోకి దిగే ముందు సోమశిల దగ్గర వెలిగొండలను చీల్చుకుని వస్తుంది.

నెల్లూరుకూ కడపకూ నడుమ గోడలా నిలిచిన ఆ కొండలు ఒకప్పుడు నీటి అడుగున ఉన్నాయి. సుమారు 190 కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ నేల కుంగడం మొదలైంది. ఆ పల్లంలో ఇసుక, బురద పొరలు పొరలుగా పేరుకున్నాయి. పైబరువుకూ లోపలి వేడికీ ఇసుక గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది, బురద పలకరాయి అయింది. బళ్ళో మనం అఆలు దిద్దిన మార్కాపురం పలక ఆ బురదే. ఆ తర్వాత తూర్పు నుంచి తోపుడు వచ్చి పొరలన్నీ మడతలు పడి పైకి లేచాయి.

ఆఫ్రికాలో కిలిమంజారో వాలుల మీద అగ్నిపర్వతపు మట్టి సారం వల్ల అరటి, కాఫీ ఏపుగా పండుతాయి. మన క్వార్ట్‌జైట్ అరిగితే మిగిలేది ఇసుకే. అంత పిసినారి నేలను ఎంచుకుంది ఎర్రచందనం. లోకం మొత్తంమీద అది సహజంగా పెరిగేది దాదాపుగా శేషాచలం, లంకమల, పాలకొండ, వెలిగొండల్లోనే. రాతి సందుల్లో వేరు దించి, ఎండలకు ఆకు రాల్చి, ఏళ్ళ తరబడి చేవ పోసుకుంటుంది. ఆ చేవ ముక్క నీళ్ళలో వేస్తే మునుగుతుంది. జపానువాళ్ళు దాంతో షామిసెన్ వాద్యం చేసుకుంటారు. మన పేపర్లలో మాత్రం దుంగ పట్టుబడిన రోజునే దాని పేరు కనిపిస్తుంది, అది నాకు కష్టంగా ఉంటుంది.

కొండ కింది ముళ్ళపొదలను బీడు అనుకుంటాం. 1848లో పక్షుల పరిశోధకుడు జెర్డాన్ కనిపెట్టిన కలివికోడి అనే పిట్ట ఉండేది అలాంటి చోటే. 1900 తర్వాత కనబడకపోతే అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. దానికి చిక్కటి అడవి పనికిరాదు. పొదకూ పొదకూ మధ్య పరుగెత్తడానికి ఖాళీ నేల కావాలి. ఆ జాగాను చదును చేసి తోట వేస్తే పిట్టకు చోటు లేనట్టే.

వెలిగొండల్లో పెంచలకోన చుట్టూ ఉన్న అడవిని 1997లో పెనుశిల నరసింహ అభయారణ్యం చేశారు. మంచి పని. ఇక ఏటి సంగతి: పైనుంచి కొట్టుకొచ్చే ముతక ఇసుక సోమశిల జలాశయంలోనే చాలావరకు ఆగిపోతుంది. కిందికి దిగిన కాస్తనూ లారీలకు ఎత్తేస్తే మైపాడు దాకా వచ్చేదేముంది?