పాయింటర్ హద్దు దాటితే ఆపేదెవరు?

కంప్యూటర్ మెమరీలో ప్రతి బైటుకూ ఇంటి నంబరులాంటి ఒక చిరునామా ఉంటుంది. సీ భాషలో ఆ చిరునామాను దాచుకునే చలరాశే పాయింటర్.

ఎందుకు ప్రమాదం?

పది అంకెల శ్రేణికి చోటు తీసుకుని పదకొండోది అడిగినా సీ భాష అడ్డు చెప్పదు. ప్రతిసారీ హద్దులు సరిచూస్తే వేగం తగ్గుతుందని ఆ బాధ్యతను ప్రోగ్రామర్‌కే వదిలేసింది. అడిగినవాళ్లకు పక్కనున్న సమాచారం చేతికి రావచ్చు. 2014లో సర్వర్ల సాఫ్ట్‌వేర్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం ఇలాంటిదే. పంపిన సందేశం చిన్నదైనా దాని పొడవు పెద్దదని అబద్ధం చెబితే చాలు, సర్వర్ తన మెమరీలోంచి 64 కిలోబైట్ల దాకా బయటపెట్టేసేది. తిరిగి ఇచ్చేసిన చోటును మళ్లీ వాడటం ఇంకో ప్రమాదం.

ఎలా ఆపాలి?

రస్ట్ భాషలో తిరిగి ఇచ్చేసిన చోటును వాడటంలాంటి తప్పులను, కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలరే ముందుగా పట్టేస్తుంది; శ్రేణి హద్దు దాటితే ప్రోగ్రామ్ నడిచేటప్పుడు ఆపేస్తుంది. మరి ఇప్పటికే సీలో రాసిన కోట్ల వరుసల కోడ్ సంగతి? చెన్నైలోని ఐఐటీ మద్రాస్ పరిశోధకులు దీనికి ప్రాసెసర్‌లోనే జవాబు వెతికారు. తమ శక్తి ప్రాసెసర్ ఆధారంగా 2019లో ‘శక్తి-ఎంఎస్’ను ప్రకటించారు. ఇందులో పాయింటర్ తన చిరునామాతోపాటు ఆ చోటు మొదలు, చివర వివరాలనూ వెంట ఉంచుకుంటుంది. కంపైలర్ చేర్చిన ప్రత్యేక ఆదేశాలతో ప్రాసెసర్ వాటిని సరిచూస్తుంది. హద్దు దాటినా, చోటు గడువు తీరినా పని ఆపేస్తుంది.

మీరేం చేయాలి?

పాయింటర్‌కు మొదటే విలువ ఇవ్వండి. శ్రేణితోపాటు దాని పొడవునూ పంపండి. చోటును తిరిగి ఇచ్చేశాక దాని పాయింటర్‌ను నల్ (ఏ చోటునూ చూపని విలువ) చేయండి. మెమరీ తప్పులను పట్టే అడ్రస్ శానిటైజర్ అనే సాధనంతో ప్రోగ్రామ్‌ను పరీక్షించండి.