తీగ లేని స్విచ్చు

"మోటారు ఆపండి, ట్యాంకు పొంగిపోతోంది!"

మేడ మీది నుంచి వచ్చే ఈ కేకను మీరు ఎన్నోసార్లు వినే ఉంటారు. ట్యాంకు పైన ఉంటుంది, మోటారు స్విచ్చు కింద ఉంటుంది. నీళ్లు నిండిన సంగతి పైనున్నవారికి తెలుస్తుంది. ఆపే వీలు మాత్రం కిందివారికే ఉంటుంది. మధ్యలో ఎవరో ఒకరు మెట్ల మీద పరుగెత్తాలి. ఈలోగా బకెట్ల కొద్దీ నీరు వీధి పాలవుతుంది.

పైన బొత్తాం నొక్కగానే కింద మోటారు ఆగిపోతే ఎంత బాగుంటుంది! అటువంటి పరికరాలు నేడు బజారులో దొరుకుతున్నాయి. గుప్పిటిలో ఇమిడే రిమోటు ఒకటి, దాని మాట వినే చిన్న పలక ఒకటి. ఆ పలకనే వైర్‌లెస్ రిలే స్విచ్చు అంటారు. దీనితో దీపాలు, పంకాలు కూడా వెలిగించవచ్చు, ఆపవచ్చు. ఇది ఎలా పనిచేస్తుందో, దీన్ని ఎంతవరకు నమ్మవచ్చునో తెలుసుకుందాం.

మావటివాడు, ఏనుగు

ఇంట్లో తిరిగే 75 వాట్ల పంకాకు 230 వోల్టుల దగ్గర సుమారు 0.33 ఆంపియర్ల విద్యుత్తు కావాలి. రిమోటు సంకేతాన్ని అందుకొనే చిప్పు తన కాలి నుంచి ఇవ్వగలిగింది కొద్ది మిల్లీ ఆంపియర్లే. అది కూడా 5 వోల్టుల దగ్గర. ఇంత బలహీనమైనది అంత బలమైనదాన్ని ఎలా నడిపిస్తుంది?

ఏనుగును మావటివాడు తన బలంతో నెడుతున్నాడా? లేదు. అంకుశంతో చిన్న సైగ చేస్తాడు. బరువు లాగేది ఏనుగు సొంత బలమే. విద్యుత్తులో ఆ అంకుశం పని చేసేది రిలే.

రిలే లోపల ఇనుప కడ్డీపై చుట్టిన రాగి తీగచుట్ట ఉంటుంది. అందులో విద్యుత్తు ప్రవహించగానే కడ్డీ అయస్కాంతమవుతుంది. ఎదురుగా ఉన్న ఇనుప రేకును "టిక్" మని లాగుతుంది. ఆ రేకు కదలికతో రెండు లోహపు మొనలు కలుస్తాయి. పంకా దీపాల విద్యుత్తు ఈ మొనల గుండా పోతుంది. తీగచుట్టలో ప్రవాహం ఆగగానే స్ప్రింగు రేకును వెనక్కు లాగుతుంది, మొనలు విడిపోతాయి.

ఇప్పుడు ఓమ్ నియమం గుర్తు చేసుకోండి. విరివిగా దొరికే 5 వోల్టుల రిలేలో తీగచుట్ట నిరోధం సుమారు 70 ఓములు. 5ను 70తో భాగిస్తే 0.071 ఆంపియర్, అంటే 71 మిల్లీ ఆంపియర్లు. దాని మొనలు మాత్రం 10 ఆంపియర్ల వరకు భరించగలవని దాని మీదే రాసి ఉంటుంది. అంటే 1 వంతు ప్రవాహం సుమారు 140 వంతుల ప్రవాహాన్ని శాసిస్తున్నదన్నమాట! అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. తీగచుట్టకూ మొనలకూ మధ్య తీగ సంబంధం ఏమీ లేదు. వాటి మధ్య దాటేది అయస్కాంత బలం మాత్రమే. అందుకే 5 వోల్టుల వైపు 230 వోల్టులు దూకకుండా ఉంటుంది.

పూర్వం తపాలా మోసే గుర్రాలు అలసిపోతే దారిలో మజిలీల వద్ద కొత్త గుర్రాలను కట్టేవారు. అలా మార్చే గుర్రాల పేరే ఈ పరికరానికి వచ్చింది. 1835లో అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ రిలేను రూపొందించాడు. దూరం పోయి నీరసించిన టెలిగ్రాఫు సంకేతం, రిలే సహాయంతో కొత్త బ్యాటరీ బలాన్ని పుంజుకొని ముందుకు సాగేది.

తీగ లేకుండా ఆజ్ఞ పంపడం కూడా నిన్న మొన్నటిది కాదు. 1895లో కలకత్తా టౌన్ హాలులో జగదీశ్ చంద్ర బోసు విద్యుదయస్కాంత తరంగాలను గోడల గుండా పంపి, దూరాన ఉన్న గంటను మోగించాడు, తుపాకి మందును పేల్చాడు. 1898లో నికోలా టెస్లా న్యూయార్కులో ఒక చిన్న పడవను తీగ లేకుండా నడిపి చూపాడు. మన రిమోటు వారి వారసురాలే.

ఎవరి ఆజ్ఞ ఎవరికి?

ఇటువంటి రిమోట్లు చాలావరకు 433 మెగాహెర్ట్‌జ్ పౌనఃపున్యం వద్ద పనిచేస్తాయి. తరంగ వేగం సెకనుకు 30 కోట్ల మీటర్లు. దాన్ని 43.3 కోట్లతో భాగిస్తే తరంగదైర్ఘ్యం సుమారు 69 సెంటీమీటర్లు వస్తుంది. అందులో నాలుగో వంతు సుమారు 17 సెంటీమీటర్లు. పలకకు ఏరియల్‌గా అంత పొడవున్న తీగ ఎందుకు పెడతారో మీకు తెలిసిపోయింది కదా!

మరి పక్కింటివారి రిమోటు నొక్కితే మన దీపం వెలగదా? వెలగకుండా ప్రతి ఆజ్ఞకు ముందు ఒక చిరునామా పంపుతారు. ఆ చిరునామాలో 8 స్థానాలు ఉన్నాయనుకోండి. ఒక్కొక్క స్థానంలో 0 గాని, 1 గాని ఉంటుంది. అప్పుడు 256 రకాల చిరునామాలు సాధ్యం. 20 స్థానాలుంటే 10,48,576. చిరునామా సరిపోతేనే పలక ఆజ్ఞను పాటిస్తుంది.

అయితే ఇందులో ఒక లోపం ఉంది. ఎప్పుడూ ఒకే సంకేతం పంపే రిమోటు, కోట గుమ్మం దగ్గర రహస్యపు మాటను బిగ్గరగా అరిచే భటుడి వంటిది. చాటున విన్నవాడెవడైనా అదే మాట మళ్లీ పలకవచ్చు. కాబట్టి ఇటువంటి రిమోటును దీపానికి వాడండి గాని, ఇంటి తలుపు తాళానికి వాడకండి. తాళాలకు ప్రతిసారీ మారే సంకేతాలు పంపే పరికరాలు వేరే ఉన్నాయి.

ఇద్దరు సహాయకులు

చిప్పు ఇచ్చే కొద్ది మిల్లీ ఆంపియర్లు 71 మిల్లీ ఆంపియర్ల తీగచుట్టకు చాలవు. అందువల్ల మధ్యలో ఒక ట్రాన్సిస్టరును ఉంచుతారు. అదీ ఒక అంకుశమే. తీగచుట్టకు పక్కనే ఒక డయోడు కూడా కనబడుతుంది. ప్రవాహాన్ని హఠాత్తుగా ఆపితే తీగచుట్టలో దాగిన అయస్కాంత శక్తి ఒక్కసారిగా బయటకు వచ్చి, వందల వోల్టుల దెబ్బ కొట్టగలదు. ఆ దెబ్బకు ట్రాన్సిస్టరు కాలిపోకుండా డయోడు దానికి దారి చూపి చల్లారుస్తుంది.

చేసి చూడండి

5 వోల్టుల రిలే, చార్జి చేసే 1.2 వోల్టుల ఘటాలు నాలుగు, ఒక బొత్తాం స్విచ్చు, టార్చిలైటు బల్బు, దానికి వేరే రెండు ఘటాలు సమకూర్చుకోండి. నాలుగు ఘటాలను వరుసగా కలిపి, బొత్తాం ద్వారా తీగచుట్టకు ఇవ్వండి. బల్బును, దాని ఘటాలను రిలే మొనల గుండా కలపండి. బొత్తాం నొక్కండి. "టిక్" మని వినబడి బల్బు వెలుగుతుంది. బొత్తాం వదిలేటప్పుడు తీగచుట్ట కొసలను వేళ్లతో తాకకండి. ఎందుకో పైన చెప్పుకున్నాం.

తరువాత ఈ రిలే స్థానంలో, రిమోటుతో వచ్చే 5 వోల్టుల పలకను అమర్చండి. మిత్రుణ్ణి బల్బు దగ్గర కూర్చోబెట్టి, రిమోటుతో దూరంగా నడవండి. ఎన్ని అడుగుల వరకు బల్బు వెలిగింది? మధ్యలో గోడ ఉంటే ఎంత తగ్గింది? ఇనుప బీరువా ఉంటే? ఏరియల్ తీగను చుట్ట చుడితే? పట్టిక వేసి రాసుకోండి.

ఈ ప్రయోగాలన్నీ ఘటాలతోనే చేయాలి. ఇంటి కరెంటు 230 వోల్టులు ప్రాణం తీయగలదు. దానికి రిలేను కలిపే పని తెలిసిన ఎలక్ట్రీషియనుదే. ఆయన ఫేజు తీగను రిలే గుండా పోనిస్తాడు. పొరపాటున న్యూట్రల్‌ను పోనిస్తే దీపం ఆరినట్లే కనబడుతుంది గాని, హోల్డరులో ఫేజు అలాగే ఉంటుంది. బల్బు మార్చబోయి తాకినవారికి ప్రమాదం తప్పదు.

మోటారు సంగతి మరీ జాగ్రత్త. మొదలయ్యే క్షణంలో మోటారు మామూలుకన్నా అయిదారు రెట్లు విద్యుత్తు లాగుతుంది. ఆ వేడికి చిన్న రిలే మొనలు కరిగి అతుక్కుపోవచ్చు. ఇక ఆజ్ఞ ఏదైనా అవి విడిపోవు. అందుకే చిన్న రిలేతో కాంటాక్టరు అనే పెద్ద రిలేను నడిపించి, దానితో మోటారును నడిపిస్తారు. మావటివాడికి మరో మావటి!

ఆజ్ఞ అందకపోతే?

ఇప్పుడు మళ్లీ మన ట్యాంకు దగ్గరకు వద్దాం. నీళ్లు నిండగానే పైనున్న పరికరం "ఆపు" అనే సంకేతం పంపుతుందనుకోండి. సరిగ్గా అప్పుడే పై పరికరంలో ఘటం అయిపోయింది. లేదా అడ్డుగా ఏదో వచ్చింది. కింది పలకకు ఏమీ వినబడలేదు. మోటారు తిరుగుతూనే ఉంటుంది, ట్యాంకు పొంగుతూనే ఉంటుంది. ఇంత శ్రమపడి మనం సాధించింది ఏమిటి?

మౌనం అర్ధాంగీకారం అంటారు పెద్దలు. యంత్రాల విషయంలో ఆ మాట పనికిరాదు. దీనికి ఉపాయం ఆజ్ఞను తిరగవేయడమే. ట్యాంకులో చోటు ఉన్నంతసేపు పై పరికరం 5 సెకన్లకు ఒకసారి "నడుపు, నడుపు" అని చెబుతూ ఉండాలి. 15 సెకన్ల పాటు ఆ మాట వినబడకపోతే కింది పలక మోటారును ఆపివేయాలి. ట్యాంకు నిండినా, ఘటం అయిపోయినా, ఏరియల్ విరిగినా ఫలితం ఒక్కటే, మోటారు ఆగుతుంది. మొనలు అతుక్కునే ప్రమాదం అప్పటికీ ఉంటుంది కనుక చేతితో ఆపే స్విచ్చును మాత్రం తీసివేయకూడదు.

మీరు ఏ పరికరానికి వైర్‌లెస్ స్విచ్చు పెట్టాలనుకున్నా ముందు ఈ ప్రశ్న వేసుకోండి: ఆజ్ఞ అందకపోతే ఏమవుతుంది? జవాబు "కాసేపు దీపం వెలగదు" అయితే నిర్భయంగా పెట్టించండి. "ఎవరికో హాని జరుగుతుంది" అయితే, మౌనమే రక్షణ అయ్యేలా ఏర్పాటును మార్చే వరకు ఆగండి.