పిల్ల పెంకులోనే చనిపోతోందా?

ఇరవై ఒక్క రోజులు కాచుకుని ఇంక్యుబేటర్ తెరిస్తే సగం గుడ్లు అలాగే ఉన్నాయా? పారేయకండి, పగలగొట్టి చూడండి. పిల్ల జాడే లేదంటే చాలావరకు పుంజు కలవని గుడ్డు, లేదా వారం దాటి నిల్వ ఉంచిన గుడ్డు. లోపల రక్తపు వలయం కనిపిస్తే మొదటి రోజుల్లో వేడి తప్పిందన్నమాట. ఫ్యాను ఉన్న పెట్టెలో 37.5 డిగ్రీలుండాలి. థర్మామీటరు గుడ్ల మట్టంలోనే ఉంచండి.

పూర్తిగా ఎదిగిన పిల్ల పొరకు అతుక్కుని చనిపోయి ఉంటే? ఎక్కువసార్లు తప్పు మన ఆత్రానిదే. 18వ రోజున గుడ్లు తిప్పడం ఆపి, తేమ 65-70 శాతానికి పెంచాలి. ఇక మూత తీయొద్దు. మొదటి పిల్ల వచ్చిందని ఇంటిల్లిపాదికీ చూపించబోతే తేమ పోయి, మిగతా గుడ్లలో పొర ఎండి బిగుసుకుంటుంది. వచ్చిన పిల్లకు ఆకలేస్తుందన్న బెంగ వద్దు. కడుపులో పచ్చసొన ఉంటుంది, ఒక రోజు మేత లేకున్నా ఏమీ కాదు.