పరీక్షయు, బాలుని భాషయు

బాలుడు తప్పుగా సమాధానము చెప్పినపుడు ఉపాధ్యాయుడు సున్న వేయుట సులభము. ఆ తప్పు పాఠము బోధపడకపోవుటచే వచ్చినదా, చదువు నడుమ తెగిపోవుటచే వచ్చినదా, ప్రశ్న యడిగిన భాష తెలియకపోవుటచే వచ్చినదా యని విచారించుట కష్టము. మొదటి పనికి పరీక్ష యని పేరిడి, తేదీలు నిర్ణయించి, అధికారులను నియమించినారు. రెండవ పనికి మన పాఠశాలలలో నేటికిని తగిన చోటు దొరకలేదు. రాయచూరు జిల్లాలోని దేవదుర్గ తాలూకా స్థితి నించుక పరికించినచో ఈ కొరత యెంత నష్టము కలిగించునో తేటపడగలదు.

కృష్ణకు దక్షిణపు టొడ్డుననున్న ఈ తాలూకా 1948 వరకు నిజాము పాలనలోను, ఆపై హైదరాబాదు రాష్ట్రములోను నుండి, 1956 నవంబరు 1వ తేదీన మైసూరు రాష్ట్రమున జేరినది. ఆ రాష్ట్రమునకే 1973లో కర్ణాటకమని పేరు వచ్చినది. నిజాము కాలమున, 1918లో నెలకొల్పబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉర్దూ బోధనాభాషగా నుండెను. దేశభాషలో నున్నత విద్య గరపుట ఘనకార్యమే. అయినను ఇంట కన్నడమో, తెలుగో, మరాఠీయో మాటలాడు విద్యార్థికి ఆ భాషయు నేర్చుకొనవలసిన భాషయే. అట్టివాడు గణితమున దప్పినచో, ఆ లోపము గణితమునందున్నదో భాషయందున్నదో అతని మార్కులు చెప్పజాలవు.

పాలన మారినది, బోధనాభాష మారినది, చిక్కు మాత్రము తీరలేదు. నేడు దేవదుర్గ ప్రాంతపు బిడ్డలలో పెక్కుమంది తమ యింటి కన్నడముననే చదువుచున్నారు, అది మేలే. కాని తండానుండి వచ్చిన లంబాడీ బిడ్డకును, తెలుగింటి బిడ్డకును మొదటి తరగతిలో ఉపాధ్యాయుని ప్రశ్న సగమే చెవికెక్కును. దీనికి వలస తోడగుచున్నది. వానలు తప్పిన యేట కూలి కుటుంబములు బెంగుళూరునకో, హైదరాబాదునకో, పూనాకో తరలిపోవును. బిడ్డలును వెంట బోవుదురు. వారు తిరిగివచ్చునప్పటికి తరగతి యెన్నో పాఠములు ముందు నడచియుండును. 2011 జనాభా లెక్కలలో రాయచూరు జిల్లా అక్షరాస్యత నూటికి 59.56, కర్ణాటకమున కంతటికి 75.36. ఈ యంతరమున అధికభాగము బడిమెట్టు దొక్కని పూర్వతరము వారిది కావచ్చును. బడికి వచ్చియు వెనుకబడిన బిడ్డలెందరో ఆ లెక్క చెప్పదు.

2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము ఈ సంగతి నెరిగియే నిరంతర సమగ్ర మూల్యాంకనమును విధించినది. కర్ణాటకమున ఏటికి నాలుగు నిర్మాణాత్మక పరీక్షలును, రెండు సంగ్రహణాత్మక పరీక్షలును ఏర్పడినవి. ఉద్దేశము మంచిది. కాని నిరంతర పరిశీలన కాగలది పెక్కుచోట్ల నిరంతర లేఖనముగా మారినది. పట్టికలు నిండినవి, పట్టిక జూచి మరునాటి పాఠమును మార్చుకొనుట యరుదైనది. దీని ఫలము 2024లో బయటపడినది. ఆ యేడు పదవ తరగతి పరీక్షాగదులలో కెమెరాలు పెట్టి నిఘా బిగించగా, 2023లో నూటికి 83.89గా నున్న ఉత్తీర్ణత, అదనపు మార్కులు కలిపిన పిదపను 73.40కు దిగిపోయినది. పదియేండ్లు బిడ్డను దినదినము కన్నులార జూచిన బడికి దెలియని లోపమును ఒక కెమెరా పట్టియిచ్చినదన్నచో, ఆ పదియేండ్ల మూల్యాంకన మేమైనట్లు?

ఈ లోపమును సవరించుటకు పై తరగతులలో పెద్ద పరీక్షలు పెంచవలెనని ప్రభుత్వము తలచినది. 5, 8, 9 తరగతుల రాష్ట్రవ్యాప్త పరీక్షల వివాదము న్యాయస్థానముల కెక్కి, 2024 ఏప్రిలులో ఫలితముల ప్రకటనను సుప్రీముకోర్టు నిలిపివేసినది. న్యాయవివాద మెట్లున్నను, ఏడాది చివర దెలిసిన తప్పు ఆ యేటి బిడ్డ కుపకరింపదనుట నిర్వివాదము.

ఇంతకంటె మంచి మార్గమొకటి కర్ణాటకముననే కలదు. దానికి మూలము తెలుగునాట నున్నది. నాటి చిత్తూరు జిల్లాలో, మదనపల్లె చేరువనున్న ఋషివ్యాలీ సంస్థ తన గ్రామీణ పాఠశాలలలో పాఠములను చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి, మెట్టుమెట్టునకు బొమ్మల కార్డులు సమకూర్చినది. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె ఉపాధ్యాయులు దానిని జూచి వచ్చి, ‘నలి-కలి’ యను పద్ధతిని రూపొందించినారు. ఆడుచు నేర్చుకొనుమని దాని యర్థము. 2009-10నుండి అది రాష్ట్రమందలి ప్రాథమిక పాఠశాలల తొలి తరగతులకు వ్యాపించినది. ఇందు పరీక్ష వేరొక దినమున రాదు. మెట్ల నడుమనే మూల్యాంకనపు కార్డు లుండును. ఒక కార్డు సాధించిన బిడ్డ ముందునకు సాగును. సాధింపని బిడ్డకు మరల నభ్యాసము దొరకును. వలసపోయి వచ్చిన బిడ్డ తాను విడిచిన మెట్టుననే మరల నారంభింపవచ్చును. దేవదుర్గ వంటి తాలూకాకు ఇంతకంటె దగిన యేర్పాటు వేరొకటి గలదా? అయితే పై తరగతులకు బోవుసరికి ఈ మెట్లు ముగియును. మరల నందరికి నొకే పాఠము, ఒకే తేదీ, ఒకే ప్రశ్నాపత్రము.

పై తరగతులలోను ఇదే తత్త్వమును నిలుపుటకు పెద్ద వ్యయ మక్కరలేదు. ఒక బాలుడు 52లోనుండి 27 తీసివేసి 35 అని వ్రాసినాడనుకొందము. సున్న వేసినచో కథ ముగిసినది. నిదానించి చూచినచో, ఏడులోనుండి రెండును, ఐదులోనుండి రెండును తీసివేసినాడని తెలియును. పెద్ద యంకెలోనుండి చిన్న యంకెను తీయవలెనని అతడొక నియమము కల్పించుకొన్నాడు. వానికి లేనిది పదులను విడదీయుట యొక్కటియే; పది పుల్లల కట్ట విప్పి చూపినచో చాలును. ఆ లెక్కనే అంగడి బేరముగా జేసి, తోడి బాలునిచేతనైనను, యింటి భాషలో నడిగించినపుడు సరిగా చెప్పెనేని, వానికి గావలసినది కన్నడపు పలుకుబడియే గాని గణితము గాదని తేలును. ఒకే తప్పునకు రెండు మందులు. రోగ మెరుగక మందీయరాదు.

రాజధానిలో వకీళ్లుగా, వైద్యులుగా, ఇంజనీర్లుగా నున్న మనమందరము పరీక్షల మెట్లెక్కి వచ్చినవారమే. గెలిచినవారికి పరీక్షపై గౌరవ ముండుట సహజము. కాని మన వీథిలో మేడ గట్టుచున్న కూలివాని బిడ్డ, ఇసుక కుప్పపై నాడుచున్నవాడు, వచ్చు మాసమున దేవదుర్గ బడికి మరలవచ్చును. ఆ బిడ్డ కెన్ని మార్కులు వచ్చినవని పై యధికారి అడుగుట చాలదు. వాని తప్పు జూచి నీ పాఠమున నేమి మార్చితివని యుపాధ్యాయు నడుగవలెను. ఆ మార్పు చేయుటకు వలయు తీరికను, తరగతికొక యుపాధ్యాయుని ముందుగా నీయవలెను. అడుగు ప్రశ్న మారినగాని పట్టికలు నిజము చెప్పవు.