జేబులో పట్టే దుర్భిణి: మంచిదో కాదో తెలుసుకోవడం ఎలా?

తిరుపతిలో ఏ మిద్దె ఎక్కి ఉత్తరం వైపు చూసినా శేషాచలం కొండలు గోడ కట్టినట్టు కనిపిస్తాయి. ఆ కొండల బండల నడుమ, పొదలలో ఒక పిట్ట ఉంటుంది. అది పసుపు గొంతు పిగిలిపిట్ట. దక్షిణ భారతదేశంలోని కొన్ని రాతి కొండలలో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఇది కనిపించదు. మన పెరటి చెట్ల మీద వాలే మామూలు పిగిలిపిట్టను మీరు చూసే ఉంటారు. దాని తల నల్లగా, తోక మొదట్లో కింది వైపు ఎర్రగా ఉంటుంది. కొండ పిట్టకైతే తల, గొంతు పసుపు రంగు. దగ్గరగా చూస్తే తేడా చెప్పడం సులభమే. కాని అది 50 మీటర్ల దూరాన బండ మీద వాలితే? ఉత్త కంటికి రెండూ ఒకే చిన్న చుక్క!

అప్పుడు కావలసింది జంట దుర్భిణి. దీన్నే మనం బైనాక్యులర్ అంటాం. పెద్ద దుర్భిణి మెడలో వేసుకొని కొండ ఎక్కడం కష్టం. అందుకే జేబులో పట్టేంత చిన్న దుర్భిణులు తయారుచేశారు. అంగడికి వెళితే ఇవి వరసగా పేర్చి ఉంటాయి. ఒకదాని మీద 8×25 అని, మరొకదాని మీద 30×60 అని రాసి ఉంటుంది. ఎక్కువ అంకె ఉన్నదే గొప్పది అనిపిస్తుంది కదూ? చాలామంది మోసపోయేది అక్కడే. చాలా రోజులు కూడబెట్టిన డబ్బు మసక బొమ్మకు ఖర్చయిపోతుంది.

మీరు అలా మోసపోనక్కర లేదు. ఒక స్కేలు, ఒక పలుచని తెల్ల కాగితం, బడిలో నేర్చుకున్న భాగహారం ఉంటే చాలు. ఎలాగో చూద్దాం.

రెండు అంకెల అర్థం

8×25 అన్నప్పుడు మొదటి అంకె ఆవర్ధనం. అంటే, దుర్భిణి వస్తువును ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుందో అది చెబుతుంది. 80 మీటర్ల దూరంలోని పిట్ట 10 మీటర్ల దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. రెండో అంకె ముందువైపు గాజు వ్యాసం, మిల్లీమీటర్లలో. ఈ ముందు గాజును వస్తు కటకం అంటారు. కంటి దగ్గర ఉండేది అక్షి కటకం.

రెండు కుంభాకార కటకాలతో దుర్భిణి చేయవచ్చునని 1611లో కెప్లర్ వివరించాడు. కాని అందులో బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. చుక్కలను చూడడానికి ఇబ్బంది లేదు గాని, చెట్టూ పిట్టా తలకిందులైతే ఎలా? 1854లో ఇటలీకి చెందిన పోరో అనే ఆయన గాజు పట్టకాలతో బొమ్మను నిటారుగా తిప్పే పద్ధతికి పేటెంటు పొందాడు. కాంతి పట్టకాలలో ముందుకూ వెనక్కూ మలుపులు తిరుగుతుంది కనుక గొట్టం పొడవు కూడా తగ్గిపోయింది. 1894లో జర్మనీలోని జైస్ కంపెనీ ఇలాంటి పట్టకాల దుర్భిణులను అమ్మకానికి తెచ్చింది. ఇవాళ దుర్భిణి మన జేబులో పడుతున్నదంటే ఆ పట్టకాల చలవే.

మనం కొనేది వెలుతురును

దుర్భిణి చేసే మొదటి పని పెద్దదిగా చూపడం కాదు, వెలుతురును పోగు చేయడం. ముందు గాజు వైశాల్యం ఎంత ఎక్కువైతే అంత వెలుతురు లోపలికి వస్తుంది. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుందని మీకు తెలుసు. 25 వర్గం 625, 20 వర్గం 400. కాబట్టి 25 మి.మీ. గాజు 20 మి.మీ. గాజు కంటే ఒకటిన్నర రెట్లకు పైగా వెలుతురు పోగు చేస్తుంది. చిత్తూరు సరిహద్దు దాటితే తమిళనాడులోని జవ్వాది కొండల మీద కావలూరు ఉంది. అక్కడి వేణు బప్పు టెలిస్కోపు 1986లో ప్రారంభమైంది. దాని అద్దం వ్యాసం 2.34 మీటర్లు. మన 25 మి.మీ. గాజు కంటే అది 8,700 రెట్లు ఎక్కువ కాంతిని పట్టుకుంటుంది. శాస్త్రజ్ఞులు అంత పెద్ద అద్దాలు ఎందుకు కోరతారో ఇప్పుడు అర్థమైంది కదా!

పోగైన వెలుతురంతా అక్షి కటకం వెనుక చిన్న గుండ్రని చుక్కగా బయటికి వస్తుంది. ఆ చుక్క ఎంత ఉంటుంది? ముందు గాజు వ్యాసాన్ని ఆవర్ధనంతో భాగిస్తే చాలు. 25ను 8తో భాగిస్తే సుమారు 3 మి.మీ. అదే 10×25 అయితే 2.5 మి.మీ. మాత్రమే.

పట్టపగలు మన కనుపాప 2 నుంచి 3 మి.మీ. తెరచుకొని ఉంటుంది. అందువల్ల పగటిపూట 8×25 దుర్భిణి ఇచ్చే 3 మి.మీ. చుక్క కంటికి నిండుగా సరిపోతుంది. పొద్దు వాలిన తరువాత కనుపాప 5 మి.మీ. దాకా, ఇంకా పైకి తెరచుకుంటుంది. అప్పుడు 3 మి.మీ. చుక్క చాలదు, బొమ్మ మసకబారుతుంది. రాత్రిళ్ళు సముద్రం మీద చూడవలసిన నావికులు 7×50 వాడేది ఇందుకే. జేబు దుర్భిణి పగటి నేస్తం. దాన్ని రాత్రి పనికి తప్పుపట్టకూడదు.

దారిలో ఎంత పోతుంది?

గాజు తలానికి తగిలిన కాంతి అంతా లోపలికి పోదు. నూటికి సుమారు 4 వంతులు పరావర్తనం చెంది వెనక్కు పోతుంది. కిటికీ అద్దంలో మీ ముఖం లీలగా కనిపించేది దీనివల్లే. దుర్భిణిలో కటకాలు, పట్టకాలు కలిపి గాలికి తగిలే గాజు తలాలు 10 ఉన్నాయనుకోండి. ప్రతి తలం దగ్గరా నూటికి 4 పోతే, చివరికి కంటికి చేరేది నూటికి 66 మాత్రమే! పోయిన కాంతి ఊరికే ఉండదు. గొట్టంలో అటూ ఇటూ తిరిగి బొమ్మ మీద తెల్లని పొగలా పరుచుకుంటుంది.

1935లో జైస్ కంపెనీలో పనిచేస్తున్న స్మాకులా అనే శాస్త్రజ్ఞుడు గాజు మీద పలుచని పూత పూసి ఈ నష్టాన్ని తగ్గించే ఉపాయం కనిపెట్టాడు. ఇవాళ మంచి దుర్భిణిలో అన్ని తలాల మీదా పలు పొరల పూత ఉంటుంది. ఒక్కో తలం దగ్గర నష్టం నూటికి అర వంతుకు తగ్గితే, కంటికి 95 వంతులు చేరుతుంది. రెండు దుర్భిణుల మీదా 8×25 అనే రాసి ఉండవచ్చు. ఒకటి 66 ఇస్తుంది, మరొకటి 95 ఇస్తుంది. ముందు గాజు చిన్నదైనప్పుడు వచ్చిన కాస్త వెలుతురును కూడా పోగొట్టుకోకూడదు. అందుకే పెద్ద దుర్భిణి కంటే జేబు దుర్భిణి విషయంలోనే నాణ్యత ఎక్కువ అవసరం.

అంగట్లో అయిదు పరీక్షలు

ఒకటి: పూత పరీక్ష. ముందు గాజులో ట్యూబ్‌లైటు ప్రతిబింబం చూడండి. అది తెల్లగా, గట్టిగా మెరిస్తే పూత లేదన్నమాట. ఆకుపచ్చగానో ఊదాగానో మందంగా కనిపిస్తే పూత ఉంది. గాజు ఎర్రగా అద్దంలా తళతళలాడితే మురిసిపోకండి. అది ఎరుపు కాంతిని వెనక్కు తిప్పికొడుతున్నది. లోపలికి పోయే కాంతిలో ఎరుపు తగ్గితే రంగులు మారిపోతాయి. పిట్ట గొంతు పసుపు కాస్తా పచ్చగా తోస్తుంది!

రెండు: కాగితం పరీక్ష. దుర్భిణిని వెలుతురున్న ఆకాశం వైపు, సూర్యుడికి దూరంగా తిప్పండి. అక్షి కటకం వెనుక పలుచని కాగితం పట్టుకొని ముందుకూ వెనక్కూ జరపండి. ఒక చోట కాంతి చుక్క అంచు స్పష్టంగా వస్తుంది. స్కేలుతో కొలవండి. తరువాత ముందు గాజు వ్యాసం కొలవండి. 30×60 అని రాసి ఉన్నదాని ముందు గాజు 22 మి.మీ. ఉండి, చుక్క 3 మి.మీ. వచ్చిందనుకోండి. 22ను 3తో భాగిస్తే 7. అంటే ఆ 30 అబద్ధం. ఇక 60 మి.మీ. అంటే 6 సెంటీమీటర్లు. 6 సెంటీమీటర్ల గాజులు రెండు ఉన్న దుర్భిణి మీ జేబులో ఎలా పడుతుంది? చుక్క నిండుగా, గుండ్రంగా ఉండాలి. అంచులు కోసినట్టుగా, బూడిద నీడలతో ఉంటే లోపలి పట్టకాలు నాసిరకం.

మూడు: తీగ పరీక్ష. దూరంగా ఉన్న కరెంటు తీగను చూస్తూ దుర్భిణిని మెల్లగా కళ్ళకు కొంచెం దూరం జరపండి. రెండు వలయాలలోనూ తీగ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకదానిలో పైకి, ఒకదానిలో కిందికి ఉంటే రెండు గొట్టాలు ఒకే వైపు చూడడం లేదన్నమాట. అలాంటి దుర్భిణితో కాసేపు చూస్తే తలనొప్పి ఖాయం.

నాలుగు: అంచు పరీక్ష. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి గోపురం మీది కలశాలను చూడండి. ఆకాశానికి ఎదురుగా వాటి అంచు గీత గీసినట్టు ఉండాలి. అంచు వెంట ఊదా, పసుపు రంగుల చారలు దట్టంగా కనిపిస్తే కటకాలు మంచివి కావు.

అయిదు: బిగువు పరీక్ష. ఒక గొట్టం పట్టుకుంటే రెండోది తనంతట తాను వాలిపోకూడదు. మధ్య చక్రం తిప్పుతుంటే జారిపోకుండా, పట్టేయకుండా తిరగాలి.

ఏది కొనాలి?

మొదటిసారి కొనేవారికి 8×25 మంచిది. 10 రెట్లు పెద్దగా చూపేది చేతి వణుకును కూడా 10 రెట్లు చేసి చూపుతుంది. ఆవర్ధనం మార్చుకొనే జూమ్ రకాలు చవకలో మంచివి దొరకవు, వాటి జోలికి పోకండి. గొట్టాలు నిటారుగా ఉండి మడతపడే రకం చాలా చిన్నది. కాని దాని పట్టకాలను ఎంతో కచ్చితంగా చెక్కాలి, కనుక మంచిది కావాలంటే ధర ఎక్కువ. ముందు గాజులు దగ్గరగా, కంటి గాజులు ఎడంగా ఉండే పోరో రకం కొంచెం లావుగా ఉన్నా, తక్కువ ధరలో మెరుగైన బొమ్మ ఇస్తుంది. కళ్ళద్దాలు ఉన్నవారు వాటితోనే చూసి, వలయం అంచు దాకా కనిపిస్తున్నదో లేదో పరీక్షించుకోవాలి. ఒక్కరికి భారమైతే నలుగురు స్నేహితులు కలిసి మంచిది ఒకటి కొనుక్కోండి. నాలుగు నాసిరకం వాటికంటే అది మేలు.

కొన్న తరువాత

ముందుగా కుడి కన్ను మూసి, ఎడమ కంటితో చూస్తూ మధ్య చక్రం సర్దుకోండి. తరువాత ఎడమ కన్ను మూసి, కుడి అక్షి కటకం దగ్గరి రింగును తిప్పి సర్దుకోండి. రెండు కళ్ళ చూపులోని తేడా దీనితో సరిపోతుంది. చూసేటప్పుడు మోచేతులు పక్కటెముకలకు ఆనించండి, లేదా పిట్టగోడకు ఆనుకోండి. గాజు మీద దుమ్ము పడితే మొదట ఊది, ఆ తరువాతే మెత్తని గుడ్డతో తుడవండి. చొక్కా అంచుతో రుద్దితే పూత గీసుకుపోతుంది. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల తేమ ఎక్కువ. తడి సంచిలో వదిలేస్తే గాజుల మీద బూజు పడుతుంది.

ఒక్క హెచ్చరిక మరవకండి. దుర్భిణితో సూర్యుణ్ణి ఎన్నడూ, ఒక్క క్షణమైనా చూడకూడదు. గ్రహణం నాడు కూడా చూడకూడదు. పోగైన ఎండ రెటీనాను కాల్చేస్తుంది. ఆ క్షణంలో నొప్పి కూడా తెలియదు. పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు.

ఇప్పుడు మీ దుర్భిణిని అసలైన పరీక్షకు తీసుకుపొండి. సూళ్ళూరుపేట దగ్గర నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం ఉంది. ఆ ప్రాంతం 2022లో తిరుపతి జిల్లాలో చేరింది. చలికాలంలో అక్కడి చెట్ల మీద గూడబాతులు, కొంగలు గూళ్ళు కడతాయి. వాటిలో నత్తగుల్ల కొంగను వెతకండి. అది ముక్కు మూసుకున్నా రెండు భాగాల మధ్య ఒక సందు మిగులుతుంది. మంచి దుర్భిణిలో ఆ సందులోంచి వెనుక ఆకాశం కనిపిస్తుంది. చెడ్డదానిలో ముక్కంతా ఒకటే నల్లని గీత.

ఆ తరువాత శేషాచలం బండల వైపు తిరగండి. ఒక పిట్ట వాలుతుంది. మీ నోటుపుస్తకంలో తేదీ, చోటు, సమయం రాసి, "గొంతు పసుపు" అని రాస్తారు. ఆ ఒక్క మాట నిజం కావాలంటే మీ కన్ను నిజం చెప్పాలి, కంటి ముందున్న గాజూ నిజం చెప్పాలి. దుర్భిణిని అంత జాగ్రత్తగా ఎంచుకొనేది అందుకే.