వసీయత్ – వాయిదా వేయరాని బాధ్యత

సర్వస్తోత్రాలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై శాంతీ శుభాలూ వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! వీలునామా అనగానే అది ఆస్తిపరులకు, వృద్ధులకు సంబంధించిన వ్యవహారమని మనలో చాలామంది భావిస్తారు. కాని రాయవలసిన విషయమేదైనా ఉన్న ముస్లిం, వసీయత్ రాసి తన దగ్గర ఉంచుకోకుండా రెండు రాత్రులైనా గడపడం తగదని దైవప్రవక్త (స) బోధించారు. హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఆ రెండు రాత్రుల విలువ గూడూరు, బందరు, దివిసీమ ప్రాంతాల వారికి వేరే చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన కొన్ని గంటల్లోనే వేలాది ప్రాణాలను బలిగొంది. వారిలో పిల్లలున్నారు, యువకులున్నారు, వృద్ధులున్నారు.

వసీయత్‌లో మొదట రాయవలసింది మనం ఇవ్వదలచినది కాదు, ఇవ్వవలసినది. నోటిమాట మీద తెచ్చిన అప్పులు, ఇతరులు మన దగ్గర దాచుకున్న అమానతులు, భార్యకు ఇంకా చెల్లించని మహర్ – ఇవన్నీ అందులో ఉండాలి. మహర్ కూడా అప్పే. అది తీరకుండా వారసుల పంపకం జరగరాదు.

ఖనన ఖర్చులు, అప్పులు పోగా మిగిలిన దానిలో మూడోవంతు వరకే వసీయత్ చేయవచ్చు. ఆరు లక్షల ఆస్తిలో ఆ ఖర్చులు, అప్పులు కలిపి లక్షన్నర అయితే, మిగిలిన నాలుగున్నర లక్షల్లో లక్షన్నరకే మనకు అధికారం ఉంటుంది. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఇంతకన్నా ఎక్కువ ఇవ్వదలచినప్పుడు, మూడోవంతే ఎక్కువని దైవప్రవక్త (స) వారించారు. వారసులను ఇతరుల ముందు చేయి చాచేలా వదిలివెళ్ళడం కంటే కలిగినవారిగా వదిలివెళ్ళడం మేలని తెలిపారు.

అన్నిసా సూరా 11, 12 ఆయతుల్లో వారసుల వాటాలు నిర్ణయమైపోయాయి. కనుక కూతురి వాటా తగ్గించి కొడుక్కి రాసే సాధనంగా వసీయత్‌ను వాడకూడదు. మిగతా వారసులు సమ్మతిస్తే తప్ప, వారసునికి చేసిన వసీయత్ చెల్లదు.

మరి ఈ మూడోవంతు ఎవరికి? తండ్రి జీవించి ఉండగానే ఒక కొడుకు మరణిస్తే, మరో కొడుకు ఉన్న పక్షంలో ఆ అనాథ మనవలకు తాత ఆస్తిలో వారసత్వ వాటా రాదు. వారిని ఆదుకునే మార్గాన్ని షరీఅత్ తాత చేతికి ఇచ్చింది. ఆయన రాయకుండా వెళ్ళిపోతే ఆ పసివాళ్ళు పినతండ్రుల దయ మీద బ్రతకవలసి వస్తుంది. పెంచుకున్న బిడ్డలు, పేద బంధువులు, ధర్మకార్యాలు కూడా ఈ భాగానికి అర్హులే.

ముస్లిం నోటితో చెప్పిన వసీయత్ కూడా చెల్లుతుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వీలునామాను రిజిస్టరు చేయించడం తప్పనిసరి కాదు. అయినా కాగితంపై రాసి, అల్‌మాయిదా సూరా 106వ ఆయతు సూచించినట్లు న్యాయశీలురైన ఇద్దరిని సాక్షులుగా పెట్టుకుంటే అన్నదమ్ముల మధ్య వివాదాలకు తావుండదు. బ్రతికి ఉన్నంతకాలం దాన్ని మార్చుకోవచ్చు. మన తదనంతరం దాన్ని మార్చినవారిదే ఆ పాపమని అల్‌బఖరా సూరా 181వ ఆయతు హెచ్చరిస్తోంది.

సోదరులారా! నేడు ఇంటికి చేరగానే కనీసం మన అప్పులనైనా రాసిపెడదాం. హక్కుదారుల హక్కులు తీర్చి తన సన్నిధికి చేరే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.